తిరువయ్యారులో మా నాన్న చెయ్యి పట్టుకున్న అమ్మకు

పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన. చూపు పోయిన మా నాన్నను పందిట్లో ఒకచోట కూర్చోబెట్టి మంచినీళ్ల కోసం వెళ్లాను. తిరిగొచ్చేసరికి జనం కిక్కిరిసిపోయారు, అడుగు వేయడానికి లేదు. వేణువుల మీద త్యాగరాజ కీర్తన ‘చేతులార’ మొదలైంది. నాన్న ఒక్కరే ఎలా ఉన్నారోనని ఒకటే టెన్షన్.

ఎలాగో దగ్గరికి చేరేసరికి పంచరత్న కీర్తనల్లో నాట రాగంలోది అయిపోయి గౌళ రాగంలోది నడుస్తోంది. మీరు నాన్న అరచేతి మీద ఆదితాళం వేస్తున్నారు. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు. కాస్త సందు దొరికినప్పుడల్లా వచ్చీరాని తెలుగులో చెవిలో చెప్తున్నారు: “ఎదురెదురుగా కూర్చున్నారు అయ్యా. ఒక చిన్న పాప కళ్లు మూసుకుని పాడుతోంది.” మీ మోకాలి మీద తెరిచిన పుస్తకంలో మన తెలుగు కృతులు తమిళ లిపిలో ఉన్నాయి.

నన్ను చూసి జరిగి చోటిచ్చారు, తాళం మాత్రం ఆపలేదు. శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’ దాకా అలాగే. నాన్న మెల్లగా గొంతు కలిపారు. చూపు పోయాక ఆయన పాడగా వినడం నాకు అదే మొదటిసారి.

ఆ రద్దీలో మీ పేరైనా అడగలేకపోయాను. మీకు నా నమస్కారాలు అమ్మా. ఇప్పటికీ రేడియోలో ఆ పంచరత్నాల్లోని ఆరభి రాగం వస్తే నాన్న అరచెయ్యి చాపుతారు.