పీజీ డాక్టర్ల డ్యూటీ గంటలు లెక్కపెట్టేదెవరు?

సంపాదకులకు,

వానాకాలం రాగానే వైద్య ఆరోగ్య శాఖ సమీక్షలు మొదలవుతాయి. పడకలు సిద్ధం, కిట్లు సిద్ధం, ప్లేట్‌లెట్ల కొరత లేదు అని ప్రకటనలు వస్తాయి. ఆ పడకల దగ్గర రాత్రంతా ఉండే జనరల్ మెడిసిన్ పీజీలు (ఎంబీబీఎస్ అయ్యాక పై చదువు చదువుతూ వార్డుల్లో పనిచేసే డాక్టర్లు) ఎన్ని గంటలుగా కన్ను మూయలేదో మాత్రం ఏ సమీక్షలోనూ ఎవరూ అడగరు.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఒక్కో యూనిట్‌కు, అంటే డాక్టర్ల బృందానికి, కొత్త రోగులను చేర్చుకునే అడ్మిషన్ డే అని ఉంటుంది. ఆ రోజు పొద్దున ఓపీలో కూర్చున్న పీజీ, రాత్రి ఎమర్జెన్సీకి వచ్చిన కేసులన్నీ చూసి, తెల్లారాక సార్లతో రౌండ్స్ తిరిగి, రిపోర్టులు తెప్పించి, మర్నాడు మధ్యాహ్నం దాటాక గానీ బయటపడరు. 30 గంటలు, ఒక్కోసారి 36. ఫస్టియర్ వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా, 'మేమూ ఇలాగే పడ్డాం' అని సీనియర్ల మాటొకటి!

మెడిసిన్ వార్డుకు రాని జబ్బంటూ లేదు. డెంగీ, పక్షవాతం, పాముకాటు, అన్నీ అక్కడికే. పురుగుమందు తాగిన మనిషిని తెస్తే అట్రోపిన్ ఇచ్చి ఊరుకుంటే కుదరదు. కొద్ది నిమిషాలకోసారి నాడి, కనుపాపలు, ఊపిరితిత్తుల్లో చెమ్మ చూస్తూ డోసు సరిచేస్తూ ఉండాలి. రాత్రి మూడింటికి ఆ పని చేస్తున్నవాళ్లు ముందు రోజు పొద్దుననగా డ్యూటీ ఎక్కినవాళ్లు.

మా బావగారు సుగర్ పెరిగి ఒక సర్కారు దవాఖానాలో ఉన్నప్పుడు కేస్ షీట్‌లో ఇన్సులిన్ 8 యూనిట్లకు బదులు 18 అని పడింది. స్టాఫ్ నర్సు "మేడమ్, ఎనిమిదా, పద్దెనిమిదా?" అని అడగబట్టి సరిపోయింది. ఆ డాక్టరమ్మ అంకె దిద్ది, పక్కన సంతకం పెట్టి, బ్లడ్ శాంపిల్స్ పట్టుకుని తనే ల్యాబ్‌కు పరుగెత్తింది. ఆ పనికి మనిషి లేడట. నాకు ఆమె మీద కోపం రాలేదు, ఆ డ్యూటీ వేసినవాళ్ల మీద వచ్చింది.

నిబంధనలు లేక కాదు. పీజీల ఆసుపత్రి డ్యూటీల కోసం తెచ్చిన 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకంలోనే ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదనీ, వారానికో సెలవు ఇవ్వాలనీ ఉంది. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన పీజీ నిబంధనల్లో 'సహేతుకమైన పని గంటలు' అని రాసి, అంకె వేయకుండా వదిలేశారు. హాజరు దగ్గరికొస్తే మాత్రం 80 శాతం అని ఖచ్చితంగా వేశారు! ఆ కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్సే 2024లో వారానికి 74 గంటలు మించొద్దని చెప్పింది. ఆ సిఫార్సును మన వార్డుల్లో అమలు చేయించే నాథుడే లేడు.

మన పిల్లలు ఎంతోమంది అమెరికా వెళ్లి ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేస్తున్నారు. అక్కడ 2003 నుంచి వారానికి 80 గంటల పరిమితి ఉంది. అదేమీ తక్కువ కాదు గానీ, కనీసం ఆ గంటలు రికార్డు అవుతాయి.

డ్యూటీలు తగ్గిస్తే రోగులను ఎవరు చూస్తారని అధికారులు అంటారు. శాంపిల్స్ మోయడం, ట్రాలీ తోయడం, రిపోర్టుల కోసం తిరగడం పీజీల నెత్తి మీద నుంచి తీసేస్తే చాలా గంటలు అక్కడే మిగులుతాయి. ఇక 2024 జూన్‌లో తెలంగాణ జూడాలు (జూనియర్ డాక్టర్లు) స్టైపెండ్ నెలనెలా ఇవ్వమనే సమ్మెకు దిగారు. రావలసిన డబ్బుకే సమ్మె చేయాల్సినవాళ్లు నిద్ర గురించి ఎవరితో మొరపెట్టుకుంటారు?

వైద్య విద్య సంచాలకుల కార్యాలయం ప్రతి మెడిసిన్ విభాగం డ్యూటీ చార్టునూ, ఎవరు ఎన్నింటికి డ్యూటీ దిగారో ఆ సమయంతో సహా, నెలనెలా తెప్పించుకోవాలి. ఆ చార్టు కాపీ ఒకటి వార్డు బయట అంటించాలి. రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు మర్నాడు ఆఫ్ అని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. వీటికి కొత్త భవనాలు, బడ్జెట్‌లు అక్కర్లేదు కదా!

– విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాద్