జబ్బుపడ్డవాడిదే తప్పా?

సంపాదకుడు గారికి,

‘ఎవరి ఆరోగ్యానికి వారే బాధ్యులు’ అంటూ పది రోజుల కిందట మీరు వేసిన వ్యాసం చదివాను. కోపంలో ఏదీ రాయకూడదని ఇన్నాళ్లూ ఆగాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

సిగరెట్లు తాగి జబ్బు తెచ్చుకున్నవాడి ఆపరేషన్‌కి మనం పన్నులెందుకు కట్టాలని ఆ రచయిత అడిగారు. మా తమ్ముడికి తొమ్మిదో ఏట టైప్ 1 డయాబెటిస్ వచ్చింది. ఒంట్లోని రోగనిరోధక శక్తే ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. తిండి వల్లో బద్ధకం వల్లో వచ్చే జబ్బు కాదది. అయినా చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ‘తీపి ఎక్కువ పెట్టారా’ అని మా అమ్మనే అడిగారు. ఆవిడ ఎన్ని రాత్రులు ఏడ్చిందో నాకు తెలుసు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు దాని పేటెంట్‌ను తలా ఒక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. మా నాన్న మాత్రం దాచుకున్నదంతా ఆ మందుకే పోశారు. ముందుచూపుతో బీమా తీసుకోబోతే, జబ్బు ముందే ఉందని కంపెనీ దరఖాస్తు తిప్పి పంపింది. బాధ్యత అంటే ఇంకేం చేయాలండీ?

సింగపూర్‌ని చూసి నేర్చుకోమన్నారు. అక్కడ 1984 నుంచి ఉద్యోగుల జీతంలో కొంత వాళ్ల వైద్యం కోసం వాళ్ల పేరు మీదే జమవుతున్న మాట నిజమే. ఆ పొదుపు పెద్ద జబ్బులకు చాలదని ఆ ప్రభుత్వమే 1990లో బీమా పెట్టింది, 1993లో కట్టలేనివాళ్ల కోసం నిధి పెట్టింది. 2015లో పౌరులందరికీ, ముందే జబ్బులున్నవాళ్లకు కూడా, తప్పనిసరి బీమా తెచ్చింది. ఇదేదీ వ్యాసంలో లేదు. వేసే ముందు సరిచూసేవాళ్లు మీ దగ్గర లేరా? ఒకప్పుడు మీ పత్రికలో అంకె తప్పితే మర్నాడే సవరణ వచ్చేది.

జేబులోంచి కడితేనే జనం అనవసరంగా డాక్టర్ దగ్గరికి పోరు అన్నది ఇంకో వాదన. అమెరికాలో 1970లలో రాండ్ అనే పరిశోధన సంస్థ, కొందరికి వైద్యం ఉచితంగా ఇచ్చి, మిగతావాళ్లు ఖర్చులో వాటా కట్టేలా పెట్టి, వేల మందితో ఇదే పరీక్షించింది. ఖర్చులో వాటా కట్టాల్సినవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గించారు, నిజమే. కానీ అవసరమైన వైద్యం, అనవసరమైన వైద్యం రెండూ ఒకేలా తగ్గించుకున్నారు. చాలామందికి పెద్ద నష్టం కనబడలేదు గానీ, బీపీ ఉన్న పేదవాళ్లకు మాత్రం ఉచిత వైద్యంలోనే బీపీ మెరుగ్గా అదుపులో ఉంది. గుండెలో నొప్పి గ్యాసో, గుండెపోటో రోగికేం తెలుస్తుంది? బిల్లు భయంతో తెల్లారేదాకా ఆగినవాళ్లను నేను చూశాను.

సిగరెట్ తాగడం మంచిదని నేను అనను. ఆ బాధ్యత వసూలు చేయాలంటే సిగరెట్ మీద పన్ను వేయండి, రోగి మంచం దగ్గర కాదు. పొగాకు, మద్యం పన్నులు ఏటా ఖజానాకి వస్తూనే ఉన్నాయి. వాటిలో ఆసుపత్రులకు ఎంత ఇచ్చారో చెప్పమని ఒక కార్యాలయానికి రెండుసార్లు రాశాను. జవాబు లేదు. తమ వైద్యం బిల్లు ప్రభుత్వం కట్టే అధికారులే సభల్లో మాకు బాధ్యత గురించి చెబుతున్నారు. వినలేకపోతున్నాను.

సింగపూర్ గురించి వదిలేసిన ఆ మిగతా సగం కూడా దయచేసి అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు