నాన్నగారి సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం తీసుకున్న రుసుము, ఇచ్చిన తప్పు నంబరుపై ఫిర్యాదు

కాకినాడ

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
విదేశీ పత్రాల సేవల సంస్థ,
హైదరాబాదు.

విషయం: మరచిపోయిన అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరును తెప్పిస్తామని రుసుము తీసుకుని, మా నాన్నగారిది కాని నంబరును అందజేసినందుకు రుసుము వాపసు, పత్రాల తొలగింపు, లిఖితపూర్వక వివరణ కోరుతూ.

అయ్యా,

మా నాన్నగారు 1979 నుంచి 1992 వరకు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పరిసరాల్లోని కార్ల పరిశ్రమలో ఇంజనీరుగా పనిచేసి, తర్వాత కాకినాడ వచ్చి స్థిరపడ్డారు. అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆయన జీతంలోంచి, ఆ దేశపు సామాజిక భద్రతా పథకమైన సోషల్ సెక్యూరిటీ కోసం పన్ను కోతపడింది. ఆ పథకంలో ఒక్కొక్కరిని గుర్తించడానికి ఇచ్చే తొమ్మిది అంకెల సంఖ్యే సోషల్ సెక్యూరిటీ నంబరు. ఏడాదికి నాలుగు చొప్పున నలభై క్రెడిట్లు, అంటే పదేళ్ల పని, పూర్తయినవారికి ఆ దేశపు వృద్ధాప్య పింఛను అర్హత వస్తుందన్న సంగతి ఆయనకు డెబ్బై దాటాక, అప్పటి సహోద్యోగి ఒకరి ద్వారా తెలిసింది. అప్పటికే ఆ నంబరున్న కార్డు కనబడకుండా పోయింది. ముప్పై ఏళ్లుగా ఏ అవసరానికీ వాడని తొమ్మిది అంకెలు ఆయన జ్ఞాపకంలో లేవు. ఈ స్థితిలో ఉన్న మాకు తెలుగులో వచ్చిన మీ ప్రకటన కనిపించింది, మీ మాదాపూర్ కార్యాలయాన్ని ఆశ్రయించాము.

మీ ప్రకటనలోనూ, మీ ఉద్యోగులు ఫోనులో చెప్పిన మాటల్లోనూ మూడు హామీలు ఉన్నాయి. ఆధార్ సంఖ్య పోతే ఎలా తిరిగి తెలుసుకుంటామో అలాగే సోషల్ సెక్యూరిటీ నంబరును కూడా ఆన్‌లైన్‌లో తెలుసుకోవచ్చని, అమెరికా ప్రభుత్వం నుంచి నంబరు ముద్రించిన అధికారిక ప్రింటవుట్ తెప్పిస్తామని, అది కుదరకపోతే అక్కడి ఆదాయపు పన్ను శాఖ రికార్డుల నుంచి పూర్తి నంబరు రాబడతామని చెప్పారు. మీరు చెప్పిన తీరులో ఈ మూడింటిలో ఒక్కటీ సాధ్యం కాదు. ఆధార్ విషయంలో పేరు, నమోదైన మొబైల్‌కు వచ్చే ఓటీపీ ఇస్తే సంఖ్య తెలుస్తుంది. సోషల్ సెక్యూరిటీ పరిపాలన సంస్థ అలా పేరు, ఓటీపీ మాత్రమే తీసుకుని నంబరు చెప్పదు, గుర్తింపు రుజువు చేసుకుని దరఖాస్తు చేసుకున్నవారికి అదే నంబరుతో మరో కార్డు పంపుతుంది. మీరు చెప్పిన ప్రింటవుట్‌ను ఆ సంస్థ 2014 ఆగస్టు నుంచే ఇవ్వడం మానేసింది. ఇక అక్కడి పన్ను శాఖ 2018 నుంచి పన్ను రికార్డుల సారాంశ పత్రాల్లో (ట్రాన్స్‌క్రిప్టుల్లో) నంబరు చివరి నాలుగు అంకెలు తప్ప మిగిలినవి కనబడకుండా చేస్తోంది. ఈ రంగంలో అనుభవం ఉందని చెప్పుకునే సంస్థకు ఈ విషయాలు తెలియకపోయే అవకాశం లేదు. తెలిసీ ఆ హామీలు ఇచ్చి ఉంటే అది మోసం. తెలియకుండానే ఇచ్చి ఉంటే, ఈ సేవను అమ్మే అర్హత మీకు లేదు.

మా దగ్గర 18,000 రూపాయలు తీసుకుని మీరు ముందుగా చేసినది ఎస్‌ఎస్-5-ఎఫ్‌ఎస్ అనే దరఖాస్తు ఫారం నింపి మాకు పంపడం. అది అమెరికా బయట ఉన్నవారి కోసం సోషల్ సెక్యూరిటీ సంస్థ స్వయంగా ప్రచురించి ఉచితంగా ఇచ్చే ఫారం. దాన్ని దాఖలు చేయడానికి గానీ కార్డు పొందడానికి గానీ పైసా రుసుము లేదు. ఈ మాట మీ రశీదులో లేదు, ఒప్పంద పత్రంలో లేదు, మీ ఉద్యోగుల నోటి వెంట రాలేదు. ప్రభుత్వం దగ్గర ఉచితంగా దొరికే సేవకు డబ్బు తీసుకునేవారు, అది ఉచితంగా దొరుకుతుందని స్పష్టంగా తెలియజేయాలని అమెరికా సోషల్ సెక్యూరిటీ చట్టంలోని 1140వ సెక్షన్ చెబుతోంది. మీ కార్యాలయం హైదరాబాదులో ఉన్నా మీరు అమ్ముతున్నది ఆ చట్టం కిందికి వచ్చే సేవనే కనుక, ఆ మర్యాద మీరూ పాటించవలసింది.

ఫారం నింపిన తీరు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నంబరు మరచిపోయినవారికి అసలు ఆధారం అందులోని వివరాలే. మా నాన్నగారు 1979లో మొదటిసారి దరఖాస్తు చేసినప్పుడు రాసిన పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు అక్కడి రికార్డుల్లో ఉన్నాయి. ఇప్పుడు రాసేవి వాటితో పోల్చి చూసి, పాత నంబరు ఏదో వారే గుర్తిస్తారు. కనుక ఒక్కో గడినీ అప్పటి పత్రాల ప్రకారం నింపాలి. ఫారంలో తల్లికి పుట్టినప్పుడు ఉన్న పేరు అడిగితే, మా నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు మేము విడిగా రాసి ఇచ్చినా, మీ ఉద్యోగి అత్తింటి ఇంటిపేరు వేశారు. ఇంటిపేరు రాయవలసిన చోట నాన్నగారి సొంత పేరు, సొంత పేరు రాయవలసిన చోట ఇంటిపేరు పడ్డాయి. ఆయన తరం వారిలో చాలామందికి ఉన్నట్టే, బడిలో చేర్చినప్పుడు వేయించిన పుట్టిన తేదీ, అసలు పుట్టిన తేదీ వేరు. ఇంతకుముందు ఏదైనా దరఖాస్తులో వేరే తేదీ ఇచ్చి ఉంటే తెలియజేయడానికి ఆ ఫారంలో ప్రత్యేకంగా గడి ఉంది, మీరు దాన్ని ఖాళీగా వదిలేశారు. పేర్లు అటుఇటైన, తేదీ కలవని దరఖాస్తు వెళితే పాత రికార్డు దొరకదు. ఆ ఫారం కింద అబద్ధమైతే శిక్షకు లోబడతానని ఒప్పుకుంటూ సంతకం చేయవలసినది మా నాన్నగారు. డెబ్బై దాటిన మనిషిని అలాంటి తప్పుల కింద సంతకం చేయమని రెండు రోజులకోసారి ఫోను చేసి తొందరపెట్టడం బాధ్యత గల సంస్థ చేయదగిన పని కాదు.

నోటరీ ఖర్చుల కింద మీరు మరో 2,000 రూపాయలు తీసుకున్నారు. గుర్తింపు కోసం పాస్‌పోర్టు వంటి పత్రం అసలైనా ఉండాలి, లేదా దాన్ని జారీ చేసిన కార్యాలయమే ధ్రువీకరించిన ప్రతి అయినా ఉండాలి. ఫొటోకాపీలు, నోటరీ చేసిన నకళ్లు చెల్లవని ఆ ఫారంతో పాటు వచ్చే సూచనల్లోనే ఉంది. పనికిరావని అచ్చులో ఉన్న వాటికే మీరు డబ్బు వసూలు చేశారు. అంతకంటే ముఖ్యమైన విషయం కూడా మాకు చెప్పలేదు. భారతదేశంలో ఉండేవారి సోషల్ సెక్యూరిటీ వ్యవహారాలను ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలోని అమెరికా రాయబార కార్యాలయంలో ఉన్న ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్ చూస్తుంది. మీ ఫైలులో ఆ కార్యాలయం ప్రస్తావనే లేదు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయానికి వస్తాను. నేను గట్టిగా అడిగిన తర్వాత మీ కార్యాలయం నుంచి ఒక తొమ్మిది అంకెల నంబరు, ఇదే మీ నాన్నగారిదని రాసి, వాట్సాప్‌లో వచ్చింది. అది 9తో మొదలవుతోంది. సోషల్ సెక్యూరిటీ నంబరు ఎప్పుడూ 9తో మొదలవదు. అలా మొదలయ్యేవి, సోషల్ సెక్యూరిటీ నంబరు పొందే అర్హత లేనివారికి పన్ను దాఖలు కోసం అక్కడి పన్ను శాఖ ఇచ్చే ఐటిఐఎన్‌లు. వాటిని ఇవ్వడం మొదలైంది 1996లో, మా నాన్నగారు అమెరికా విడిచి వచ్చిన నాలుగేళ్ల తర్వాత. కాబట్టి ఆ నంబరు ఆయనది కానే కాదు. అయితే మీ మరో ఖాతాదారుడిది అయి ఉండాలి, లేకపోతే ఎవరో కల్పించి రాసినది అయి ఉండాలి. మొదటిదైతే, మీ దగ్గర నమ్మకంగా ఉంచిన ఒకరి వివరాన్ని సంబంధం లేని మా చేతిలో పెట్టారు. అలాగే మా నాన్నగారి వివరాలు ఎవరి ఫోనులోకి వెళ్లాయో అన్న భయం మాకు నిద్ర లేకుండా చేస్తోంది. రెండోదైతే, ఆ నంబరుతో పింఛను దరఖాస్తు వేసి ఉంటే నిజాయితీగా పనిచేసిన మనిషి తప్పుడు వాంగ్మూలం ఇచ్చినవాడిగా ఆ ప్రభుత్వం ముందు నిలబడవలసి వచ్చేది.

పాత కాగితాల గురించి మీ వాళ్లు ఒక్కసారైనా అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ రోజుల్లో యజమాని ఏటా ఇచ్చే డబ్ల్యూ-2 జీతం పత్రంలో, పన్ను రిటర్ను నకలులో పూర్తి నంబరే ఉండేది. చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థి సంఖ్యగా కూడా సోషల్ సెక్యూరిటీ నంబరునే వాడేవి. నంబరు మరచిపోయామని వచ్చినవారిని మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే, దీనికి ఖర్చేమీ లేదు. చివరికి నాన్నగారి డిగ్రీ పట్టాలతో కలిపి ఉంచిన ఫైలులో 1987 నాటి డబ్ల్యూ-2 మా అమ్మకు దొరికింది. అందులోని నంబరు మొదటి మూడు అంకెలు, అప్పట్లో మిషిగన్‌లో ఇచ్చే నంబర్లకు కేటాయించిన 362 నుంచి 386 మధ్యలోనే ఉన్నాయి. 2011 జూన్ వరకు నంబరు మొదటి భాగం రాష్ట్రాన్ని బట్టి ఉండేది కనుక ఇంట్లోనే ఆపాటి సరిచూసుకోగలిగాము. ఆ నంబరుతో మనీలా కార్యాలయానికి మేమే రాశాము, వారు దరఖాస్తు స్వీకరించారు.

మీ వల్ల జరిగిన జాప్యానికి ధర ఉంది. పూర్తి పదవీ విరమణ వయసు, అంటే కోత లేకుండా పూర్తి పింఛను వచ్చే వయసు, దాటినవారు దరఖాస్తు చేస్తే, వెనుకటి కాలానికి ఆరు నెలల పింఛను మాత్రమే లెక్కిస్తారు. అంతకుముందు నెలలవి ఎప్పటికీ రావు. డెబ్బై ఏళ్లు దాటాక ఆలస్యానికి పరిహారంగా పింఛను పెరగడం కూడా ఉండదు. వచ్చే వారం, వచ్చే వారం అంటూ మీరు గడిపిన ప్రతి నెలా మా నాన్నగారి చెమట డబ్బులో ఒక నెల శాశ్వతంగా కోసేసింది. పదమూడేళ్ల పాటు మిషిగన్ మంచులో పనికి వెళ్లి ఆయన కట్టిన పన్నుకు దక్కవలసిన డబ్బు అది. మా అమ్మ మందుల ఖర్చుకు ఆయన లెక్కపెట్టుకున్నది దాన్నే.

ఈ సంగతులన్నీ మీ ఖాతాదారుల విభాగానికి ఈమెయిల్ ద్వారా తెలియజేశాను. నంబరు ఎలాగూ దొరికింది కనుక సేవ పూర్తయినట్టేనని, రుసుము తిరిగి ఇచ్చే నియమం లేదని సమాధానం వచ్చింది. నంబరు దొరికింది మా ఇంటి బీరువాలో. దాన్ని మీ సేవ ఫలితంగా మీ రికార్డులో రాసుకోవడానికి నేను ఒప్పుకోను.

అందుచేత మీ నుంచి కోరుతున్నవి ఇవి. సేవా రుసుము 18,000 రూపాయలు, నోటరీ పేరిట తీసుకున్న 2,000 రూపాయలు పూర్తిగా వాపసు చేయాలి. మా నాన్నగారి పాస్‌పోర్టు, పాత వీసా, పుట్టిన తేదీ పత్రాల నకళ్లన్నిటినీ మీ కంప్యూటర్ల నుంచి, మీ ఉద్యోగుల సొంత ఫోన్ల నుంచి కూడా తొలగించి, అవి ఎవరెవరికి పంపారో పేర్లతో సహా లిఖితపూర్వకంగా తెలపాలి. ఈ వివరాలు చేతికి వస్తే ఒక మనిషి పేరు మీద అప్పులు తీసేవాళ్లు ఉన్నారు కనుక ఈ రెండో కోరికలో ఏ మినహాయింపుకూ నేను అంగీకరించను. మాకు పంపిన 9తో మొదలయ్యే నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో వివరించాలి, అది మరొకరిదైతే వారికి మీరే స్వయంగా తెలియజేయాలి, మా వైపు నుంచి ఆ సందేశాన్ని ఎవరికీ చూపకుండా భద్రంగా ఉంచాము. మీ తెలుగు ప్రకటనలో దరఖాస్తు ఫారం, కార్డు రెండూ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందని, మీరు తీసుకునేది ఫారం నింపడంలో సాయానికి మాత్రమేనని మొదటి వాక్యంలోనే రాయాలి. అమెరికాలో పనిచేసి తిరిగివచ్చిన వృద్ధులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది పిల్లల సాయం లేకుండా ఒంటరిగా ఈ కాగితాలతో తంటాలు పడుతున్నవారే కనుక ఈ చివరి కోరిక నాకు రుసుము వాపసు కంటే తక్కువది కాదు.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వక సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటన, సేవాలోపం కారణాలుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాము. ఆ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు కనుక అది కాకినాడలోనే దాఖలవుతుంది. రశీదులు, మీ ఉద్యోగి నింపిన ఫారం, వాట్సాప్ సందేశం, మీ ఈమెయిల్ సమాధానం నకళ్లను ఈ లేఖతో జతచేస్తున్నాను. డబ్బు వాపసును రుసుము చెల్లించిన బ్యాంకు ఖాతాకే పంపగలరు.

ఇట్లు,
దరఖాస్తుదారుని తరఫున, ఆయన కుమార్తె,
కాకినాడ.