తిరుగు ప్రయాణంలో పెద్దల సమాధుల దగ్గర ఆగేవారికి

అందరికీ నమస్కారం. దారిలో సమాధులు చూసుకుని, రాళ్లు కడిగి వద్దామనుకునేవాళ్లు శ్మశానవాటిక గేటు ఎన్నింటికి మూస్తారో ముందే కనుక్కోండి. ఆఖరి మజిలీగా పెట్టుకుంటే చీకటిపడి పని సగంలో ఆగుతుంది. 5 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, మెత్తటి నైలాన్ బ్రష్, నూలు గుడ్డలు, చేతి తొడుగులు, చెత్త సంచి చాలు.

ముందు రాయిని బాగా తడపండి. పొడిగా రుద్దితే దుమ్ములోని ఇసుకే గీతలు పెడుతుంది. కింది నుంచి పైకి రుద్దుతూ, వెంటవెంటనే కడగండి. లేకపోతే మురికినీళ్లు పొడిరాయి మీద జారి చారలు కడతాయి. ఇనుప బ్రష్ అసలొద్దు, తెగిన తీగముక్కలు రాతిలో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. యాసిడ్, వెనిగర్, నిమ్మరసం కూడా వద్దు. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే కరుగుతుంది. ఒక్కసారికే నునుపు పోతుంది, పేరు చెక్కిన అంచులు మొద్దుబారతాయి. అది మళ్లీ రాదు, దయచేసి గుర్తుంచుకోండి. రాయి ఊగుతున్నా, పెచ్చులు లేస్తున్నా కడగకుండా వదిలేయండి.

అక్షరాలు కనబడకపోతే సుద్ద పూయొద్దు. ఫోన్ టార్చిని రాయికి ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి ఏటవాలుగా పట్టండి. గాడుల్లో నీడపడి పేరు, తేదీ తేలతాయి. అప్పుడే ఫొటో తీయండి.

కొవ్వొత్తులు పళ్లెంలో పెట్టి వెలిగించండి, లేకపోతే మైనం రాతిలోకి ఇంకుతుంది. పూల చుట్టూ ప్లాస్టిక్ కవర్ తీసేయండి.

వచ్చేముందు సమాధి దగ్గరే నిలబడి లొకేషన్, ఫొటో గ్రూపులో పెట్టండి. తర్వాత వెళ్లేవాళ్లు వెతుక్కోనక్కర్లేదు.