కొత్త ఇంపాక్ట్ డ్రైవర్లు వచ్చాయి, కానీ అడిగిన ప్రతి ఒక్కరికీ అమ్మను

అందరికీ నమస్తే. వానలు తగ్గి రేకుల షెడ్ల పనులు మళ్లీ మొదలయ్యాయి, వాటితోపాటే "అన్నా, బ్యాటరీ ఇంపాక్ట్ ఏది మంచిగుంటది" అని, అంటే బ్యాటరీతో నడిచి స్క్రూలు దించే ఇంపాక్ట్ డ్రైవర్ గురించి, ఫోన్లూ మొదలయ్యాయి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్తూ కూర్చుంటే కౌంటర్ దగ్గర జనం ఆగిపోతున్నారు, మొలలు తూచే పిల్లవాడు నా మొహం చూస్తున్నాడు, అందుకే ఒకేసారి రాసి పెడుతున్నాను. నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి బస్సెక్కి వరంగల్ దాకా వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఇది చదివితే మంచిది. వచ్చాక "ఇది నీకు అక్కర్లేదు" అంటే కోపం వస్తుంది కదా.

ముందు సరుకు సంగతి. ఇప్పుడు షాపులో మకీటా, బాష్, డివాల్ట్, ఈ మూడు కంపెనీల ఇంపాక్ట్ డ్రైవర్లు ఉన్నాయి. డబ్బా మీద 88 వి, 128 వి (వి అంటే వోల్టులు) అని పెద్ద అక్షరాలతో ఉండే పేరూ ఊరూ లేని మెషీన్లు మా దగ్గర లేవు, ఇకముందు కూడా తెప్పించను. వాటి మీద మాకు మిగిలేది ఎక్కువే, ఆ మాట దాచడం ఎందుకు. ఎందుకు వద్దంటున్నానో బ్యాటరీల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

షాపులో ఎక్కువగా వినే ప్రశ్న: "గోడకు బొక్కలు కొడ్తదా?" కొట్టదు. ఇంపాక్ట్ అనే పేరు చూసి చాలామంది హ్యామర్ డ్రిల్ అనుకుంటున్నారు. హ్యామర్ డ్రిల్ బిట్టును వెనక నుంచి ముందుకు గుద్దుతుంది, అందుకే ఇటుక, సిమెంట్ పగులుతాయి. ఇంపాక్ట్ డ్రైవర్ దెబ్బ తిరిగే దిక్కులో పడుతుంది. లోపల ఒక చిన్న సుత్తి, దాని వెనక స్ప్రింగు, ముందు బిట్టును పట్టుకునే భాగం ఉంటాయి. స్క్రూ సులువుగా దిగినంతసేపు అన్నీ కలిసే తిరుగుతాయి, స్క్రూ మొండికేయగానే సుత్తి వెనక్కి జారి, తిరుగుతూ వచ్చి పక్క నుంచి కొడుతుంది. బిగిసిన నట్టుకు పానా పెట్టి, పానా చివర సుత్తితో కొట్టినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ నిమిషానికి మూడు వేలకు పైగా దెబ్బలు. అందుకే చేతికి మెలిక తక్కువ తగులుతుంది, నిచ్చెన మీద ఒంటి చేత్తో పని చేసేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. స్లాబుకు, గోడకు రంధ్రాలు కావాలంటే మాత్రం ఎస్‌డీఎస్ బిట్టు (కాడకు గాడులుండేది) పట్టే రోటరీ హ్యామర్ తీసుకోండి, అది వేరే ర్యాకులో ఉంది.

ఇంపాక్ట్ డ్రైవర్ ఎవరికి కావాలంటే, రేకులు వేసేవాళ్లకు, దర్వాజలకు పొడుగు స్క్రూలు దించే వడ్రంగులకు, యాంగిల్ ఫ్రేములు కట్టే ఫ్యాబ్రికేషన్ వాళ్లకు. మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబులు చేసే తమ్ముళ్లకు నా మాట వేరు. ఎం.డి.ఎఫ్.లో, పార్టికల్ బోర్డులో (చెక్క పొడి, ముక్కలు అతికించి చేసే బోర్డులు) చిన్న స్క్రూను ఇంపాక్ట్‌తో దించితే కన్ను మూసి తెరిచేలోపు తల బోర్డులోకి దిగిపోతుంది, లోపల పట్టు పొడైపోతుంది, హింజ్ నెల తిరక్కుండానే ఊగుతుంది. మీకు క్లచ్ (పెట్టిన బిగింపు రాగానే తిప్పడం ఆపేది) ఉన్న డ్రిల్ డ్రైవర్ చాలు. మెడ దగ్గర అంకెలున్న రింగు ఉంటుందే, అది. దీనికంటే తక్కువలో వస్తుంది, నాకు బిల్లు తగ్గుతుంది, పర్లేదు. జిప్సం సీలింగ్ వాళ్లూ అంతే, ఇంపాక్ట్ దెబ్బకు బోర్డు మీది కాగితం చినిగిపోతుంది.

సోలార్ ప్యానెళ్లు బిగించేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్లకు ఒక హెచ్చరిక. స్టెయిన్‌లెస్ బోల్టును ఇంపాక్ట్‌తో సర్రున తిప్పితే మరలు వేడెక్కి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, తర్వాత ఊడదీయాలంటే కోయడమే దారి. కాస్త యాంటీ సీజ్ గ్రీజు రాసి, నెమ్మదిగా తిప్పి, చివరి బిగింపు ప్యానెల్ కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచి చూపే పానా) చేయండి. ట్రాక్టర్ చక్రం నట్లు విప్పుదామని అడిగే రైతులు కూడా ఉన్నారు. ఇంపాక్ట్ డ్రైవర్ పావు అంగుళం హెక్స్ బిట్టు పట్టే మెషీన్, దానికి అడాప్టర్ తగిలించి పెద్ద సాకెట్ వేస్తే ముందు విరిగేది అడాప్టరే. చక్రాలకు అర అంగుళం చదరపు మూతి ఉన్న ఇంపాక్ట్ రెంచ్ కావాలి.

ఇక మోడళ్ల పోలిక. అందరూ టార్క్ (తిప్పే బలం) అంకె చూసి, పెద్దది ఏదైతే అది పట్టుకుంటున్నారు. మకీటా డీటీడీ 152కు 165 న్యూటన్ మీటర్లు, డీటీడీ 153కు 170, బాష్ జీడీఎక్స్ 18వి-200కు 200, డివాల్ట్ డీసీఎఫ్ 887కు 205. అంకెలు చూస్తే డివాల్టే గెలిచినట్టు. కానీ 8.8 గ్రేడ్ ఎం12 బోల్టుకు (12 ఎం.ఎం. మందం, గట్టి రకం) సరైన బిగింపే సుమారు 80 న్యూటన్ మీటర్లు, రేకు స్క్రూకు అందులో చిన్న ముక్క కూడా అక్కర్లేదు. పైగా డబ్బా మీద రాసేది మెషీన్ దెబ్బల మీద అందుకోగలిగిన గరిష్ఠం. కాబట్టి 165కూ 205కూ మధ్య తేడా కోసం బుర్ర పాడు చేసుకోకండి, చేతిలో పట్టుకుని చూడండి. ట్రిగ్గర్ కొంచెం నొక్కితే కొంచెమే తిరుగుతోందా, లేక అంటగానే దూకుతోందా? రోజంతా స్క్రూలు దించేవాడికి టార్క్ కన్నా అదే ముఖ్యం.

డీటీడీ 152 కార్బన్ బ్రష్‌ల మోటార్, నిమిషానికి 2900 తిరుగుళ్లు. డీటీడీ 153 బ్రష్‌లెస్, అంటే అరిగే బ్రష్‌లే లేని మోటార్, 3400. వారానికి ఒకరోజో రెండు రోజులో పని ఉండే మేస్త్రీకి 152 హాయిగా సరిపోతుంది, బ్రష్‌లు అరిగితే మార్చుకోవచ్చు. రోజూ పని ఉంటే 153కే వెళ్లండి, ఒక్క చార్జింగ్‌కు పని ఎక్కువ వస్తుంది, వేడి తక్కువ. ఈ రెండింట్లోనూ స్పీడ్ మార్చే బటన్ లేదు, అంతా వేలు మీదే. డివాల్ట్ 887లో మూడు స్పీడ్లున్నాయి, కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లు ఉన్న టీమ్‌కు నేను దాన్నే చూపిస్తాను, ఒకటో నంబర్ మీద పెట్టి ఇస్తే స్క్రూలు పాడు చేయడం తగ్గుతుంది. బాష్ జీడీఎక్స్ ప్రత్యేకత ఏమిటంటే దాని మూతి పావు అంగుళం బిట్టునూ పడుతుంది, బయట అర అంగుళం సాకెట్‌నూ పడుతుంది, స్క్రూలూ బోల్టులూ కలిసిన పని ఉన్నవాళ్లకు ఇదే నా సలహా. చిన్న పని, ఇరుకు చోటు, ఏసీ ఫిట్టింగ్ లాంటివాటికి బాష్ 12 వోల్టుల జీడీఆర్ 120 ఉంది, 100 న్యూటన్ మీటర్లు, తేలిక. దాన్ని చూసి బొమ్మలా ఉందని నవ్వకండి.

అసలు నన్నడిగితే మెషీన్ కన్నా ముందు బ్యాటరీ చూడాలి. మీ దగ్గర ఇప్పటికే మకీటా 18 వోల్టుల ఎల్‌ఎక్స్‌టీ సిరీస్ గ్రైండరో డ్రిల్లో ఉంటే ఇంపాక్ట్ బాడీ ఒక్కటే కొనండి, అదే బ్యాటరీ పడుతుంది. బాష్‌లో నీలం మెషీన్ల బ్యాటరీ ఆకుపచ్చ మెషీన్లకు పట్టదు, ఇంట్లో ఉందిలే అనుకుని బాడీ మాత్రమే తీసుకుని తర్వాత రిటర్న్ అడిగితే నేనేం చేయలేను. 18 వి పెద్దదా 20 వి పెద్దదా అని గొడవ పడేవాళ్లకు: రెండూ ఒకటే. లోపల వరసగా ఐదు సెల్స్, ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, ఐదింటికి 18. నిండా చార్జ్ అయినప్పుడు ఒక్కోటి దాదాపు 4.2 దాకా పోతుంది, ఐదింటికి 21. ఒకరు మామూలు లెక్క రాస్తారు, ఇంకొకరు నిండుగా ఉన్న లెక్క రాస్తారు, అంతే.

ఇప్పుడు ఆ 88 వి సంగతి. నిజంగా 88 వోల్టులు రావాలంటే వరసగా ఇరవైకి పైగా సెల్స్ పేర్చాలి. ఈ మధ్య ఒక కస్టమర్ బయట కొన్న అలాంటి బ్యాటరీ తెచ్చి "చార్జ్ నిలవట్లేదు, చూడు అన్నా" అంటే మొలలు తూచే కాటా మీద పెట్టాను, పక్కన మకీటా 4 ఆంపియర్ అవర్ల (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ పెట్టాను. మకీటాది ఆరు వందల గ్రాములు దాటింది, ఇది అందులో సగం దగ్గరే ఆగింది. తర్వాత ఆయన ముందే నాలుగు స్క్రూలు విప్పి చూస్తే లోపల ఐదే సెల్స్, మిగతా చోటంతా ఖాళీ, సెల్స్ కదలకుండా ఒక స్పాంజి ముక్క. 18650 సెల్ (ఈ బ్యాటరీల్లో వాడే గుండ్రటి సెల్) ఒక్కోటి సుమారు 45 గ్రాములు ఉంటుంది, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే మామూలుగా అలాంటివి ఐదేసి చొప్పున రెండు వరసలు, మొత్తం పది ఉంటాయి, కాబట్టి బరువు చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది. మీరు ఎక్కడ కొన్నా సరే, బ్యాటరీని ముందు కాటా మీద పెట్టించండి. మా కాటా ఎవరికైనా ఫ్రీ.

చార్జర్ మీద కూడా ఒక కన్నేయండి. కిట్ తక్కువకు ఇస్తున్నారంటే చాలాసార్లు అందులో స్లో చార్జర్ ఉంటుంది. మకీటాలో డీసీ18ఆర్‌సీ చార్జర్ 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీని 22 నిమిషాల్లో నింపుతుంది, డీసీ18ఎస్‌డీ అదే పనికి గంట తీసుకుంటుంది. ఇద్దరు రేకుల మీద, ఒక్క మెషీన్, రెండు బ్యాటరీలు ఉన్న చోట ఈ తేడా అంటే ఒకడు ఖాళీగా కూర్చోవడమే. ఆర్‌సీలో చిన్న ఫ్యాన్ కూడా ఉంది, చార్జ్ చేస్తూనే బ్యాటరీని చల్లబరుస్తుంది. మన దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది, రేకు మీద పెట్టిన బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అలాంటిది చార్జర్‌లో పెడితే లైటు మిణుకుతుంది తప్ప చార్జ్ ఎక్కదు. చార్జర్ చెడిపోయిందని తీసుకురాకండి, అది బ్యాటరీని కాపాడుతోంది. నీడలో కాసేపు ఉంచండి. నీళ్లలో ముంచకండి (నవ్వకండి, ముంచి తెచ్చినవాళ్లున్నారు).

రేకుల వాళ్లకు ఒక్క మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే లీకేజీ గొడవలు చివరికి స్క్రూలు అమ్మిన మా మీదికే వస్తున్నాయి. 5.5 ఎం.ఎం. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూకు 8 ఎం.ఎం. సాకెట్, ఇది అందరికీ తెలిసిందే. తల కింద నల్లటి రబ్బరు వాషర్ ఉంటుంది, అది రేకు మీద సమంగా కూర్చుని, ఇనుప బిళ్ల అంచు నుంచి కొద్దిగా, గుండ్రంగా బయటికి కనిపిస్తే చాలు, అక్కడ ఆపాలి. టకటకా అని దెబ్బల చప్పుడు మొదలయ్యాక కూడా ట్రిగ్గర్ వదలకపోతే రబ్బరు నలిగి పక్కలకు చీలికలుగా వచ్చేస్తుంది, ఇనుప బిళ్ల వంగి గిన్నెలా తిరగబడుతుంది. ఆ రోజు బాగానే ఉంటుంది, మొదటి వానకు నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. రోజూ రేకుల పనే అయితే లోతు సెట్ చేసుకునే స్క్రూ గన్ ఇంకా మంచిది, ఆర్డర్ మీద తెప్పిస్తాను. మేడారం జాతర ముందు షెడ్లు వేసే టీమ్‌లు హడావిడిలో ఒక్కసారే చాలా అడుగుతారు కాబట్టి ముందే చెప్పండి.

బిట్లు. ఇంతింత పెట్టి మెషీన్ కొని పది రూపాయల స్టార్ బిట్టు వేస్తే మొదటి గంటలోనే దాని ముక్కు గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత స్క్రూల తలలు పాడవుతాయి, నింద మెషీన్‌కు. ఇంపాక్ట్ అని రాసి ఉన్న బిట్లే వాడండి, అవి మధ్యలో కొంచెం మెలిపడి దెబ్బను తట్టుకుంటాయి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కూడా తీసుకోండి. ఈ మెషీన్ల చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది, రేకుల షెడ్డులో ఇంకా మోగుతుంది. ప్రతి మెషీన్‌తో ఒక జత ఊరికే ఇస్తున్నాం.

ఇక పైసల మాటలు. రేట్లు ఇక్కడ రాయడం లేదు, నెలనెలా మారుతున్నాయి, షాపులో బోర్డు మీద ఉంటాయి. బిల్లు లేకుండా తక్కువకు ఇమ్మని అడగొద్దు, 18 శాతం జీఎస్టీ కట్టిన బిల్లు ఉంటేనే వారంటీ అడగడానికి నోరు ఉంటుంది, జీఎస్టీ నంబర్ ఉన్న కాంట్రాక్టర్లకు ఆ పన్ను లెక్కలో తిరిగి వస్తుంది కూడా. మెషీన్ల మీద ఉద్దెర లేదు. పత్తి ఏనుమాముల మార్కెట్‌కు పోయాక ఇస్తామనే పాత ఖాతాలు స్క్రూలకు, బిట్లకు, కటింగ్ వీల్స్‌కు మునుపటిలాగే నడుస్తాయి, మెషీన్లకు మాత్రం నా వల్ల కాదు, కంపెనీ డీలర్‌కు నేను ముందే కట్టాలి. సర్వీస్‌కు మెషీన్ మా దగ్గరే ఇవ్వొచ్చు, మేమే పంపిస్తాం, కానీ ఎప్పుడొస్తుందో తేదీ చెప్పమంటే చెప్పలేను. పని ఆగకుండా తాత్కాలికంగా వాడుకోవడానికి షాపులో ఒక పాత 152 పెట్టాం, మా దగ్గర కొన్నవాళ్లకే, రోజుకు ఒకరికే.

షాపు ముందు ఒక వేప దుంగ, ఒక యాంగిల్ ఫ్రేము, రెండు రేకు ముక్కలు పెట్టించాను. అన్ని మెషీన్లూ చార్జ్ చేసి ఉంటాయి. మీరు రోజూ వాడే స్క్రూలు నాలుగు జేబులో వేసుకుని రండి, మీ చేత్తో దించి చూసుకుని అప్పుడు కొనండి. పొద్దున పదకొండు లోపు వస్తే రద్దీ ఉండదు, ఆదివారం మధ్యాహ్నం రెండింటి వరకే తెరిచి ఉంటాం.