ఈసారి పోటీల్లో ఏం మారుస్తున్నానంటే

రాజమండ్రి మన సంగీతం క్లాసు పిల్లల అమ్మానాన్నలకు నమస్కారం.

వచ్చే నెల పోటీలకు రుసుము 200 నుంచి 300 రూపాయలు చేశాను. 40 మందికి మించి పేర్లు తీసుకోవడం లేదు. పోటీ కూడా ఒక్కరోజు కాదు, శని, ఆదివారాలు రెండు రోజులు. ఎందుకిలా అని ఫోన్లు చేస్తున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

పోయినేడాది ఒక పదేళ్ళ పాప మోహన రాగంలో వర్ణం పాడింది. పల్లవి, అనుపల్లవి చక్కగా నడిచాయి. చరణ స్వరాల్లో తారస్థాయి గాంధారం (పై స్థాయిలోని "గ") దగ్గరికొచ్చేసరికి గొంతు బిగుసుకుపోయింది, మెడ నరాలు తేలాయి, స్వరం కిందికి జారింది. "పై స్థాయి అందడం లేదు, శ్రుతి శుద్ధం లేదు" అని రాసి పదికి నాలుగు మార్కులు వేసింది నేనే. ఆ పాప రెండు నెలలు క్లాసుకి రాలేదు.

మళ్ళీ వచ్చిన రోజున పక్కన కూర్చోబెట్టుకుని శ్రుతి బాక్సు (పాటకి ఆధార స్వరం ఇచ్చే పెట్టె, అంకె తగ్గితే పాట ఎత్తు తగ్గుతుంది) ఐదున్నర నుంచి ఐదుకి, అక్కణ్ణించి నాలుగున్నరకి దించాను. అదే గాంధారం మీద హాయిగా నిలబడింది! పోటీ రోజు మాటిమాటికీ శ్రుతి మారిస్తే ఆలస్యమవుతుందని ఆడపిల్లలందరికీ ఐదున్నరే పెట్టింది మేము. తప్పు మాది, మార్కులు పోయింది తనకి. ఆ పాపకీ వాళ్ళమ్మకీ అప్పుడే చెప్పాను, ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నాను.

అందుకే ఈసారి ఎవరి శ్రుతి వాళ్ళదే. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. పాటకి ఆరు, జడ్జీలు రాయడానికి నాలుగు. రెండో రోజు హాలు అద్దె, జడ్జీల గౌరవ వేతనం కలిపితే పాత రుసుముతో గట్టెక్కలేను.

జడ్జీలుగా వచ్చే విద్వాంసులను నేను అడిగింది ఒకటే. "తాళం తప్పింది" అని రాసి వదిలేయొద్దు, ఎక్కడ తప్పిందో రాయండి అని. లఘువు, ద్రుతం అంటే తాళంలోని భాగాలు, తాళం ఒక పూర్తి చుట్టు ఆవర్తనం, మొదటి కాలం అంటే నిదానపు నడక. "లఘువు నిదానంగా వేశావు, ద్రుతాల దగ్గర తొందరపడ్డావు. ఆ ఒక్క ఆవర్తనం వారం పాటు మొదటి కాలంలో చేత్తో తాళం వేసుకుంటూ పాడు" అంటే పిల్లకి ఇంటికెళ్ళి చేసుకోవాల్సిన పని దొరుకుతుంది. ఉత్త "శభాష్" అన్నా అంతే, ఏది బాగుందో పిల్లలకి తెలియదు. పోయినసారే ఒక బాబు చరణంలో సాహిత్యం మర్చిపోయాడు. వాళ్ళమ్మ వైపు బిత్తరచూపులు చూశాడు గానీ చెయ్యి మాత్రం ఆగలేదు. తాళం వేస్తూనే ఉండి, తర్వాతి ఎత్తుగడ దగ్గర సరిగ్గా అందుకున్నాడు. కచేరీలు చేసే పెద్దవాళ్ళకి కావాల్సిన నిబ్బరం అది. వాడి కాగితం మీద ఉన్నదల్లా "సాహిత్యం రాదు" అనే మాట. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

మార్కులు లేకపోతే పిల్లలు పట్టించుకోరని ఇద్దరు ముగ్గురు అన్నారు. మార్కులు తీసేయడం లేదండీ. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు వెళ్ళే పిల్లలకి ఆ అలవాటు ఉండాలి కూడా. కాకపోతే కాగితం మీద మాటలు ముందు, మార్కులు అడుగున. పదేళ్ళ లోపు వాళ్ళ మార్కులు వేదిక మీద చదవం.

మీకు ఒక మనవి. ఇంటికెళ్ళే దారిలో బండి మీదే ఆ కాగితం తీసి నిలదీయకండి. వాళ్ళని అన్నం తిననివ్వండి. మర్నాడు జడ్జీ రాసిన ఆ ఒక్క చోటు పాడించుకుని వినండి, సంగీతం రాని వాళ్ళకైనా తేడా తెలుస్తుంది.

పోటీకి ముందు వారం, శుక్రవారం సాయంత్రం ఐదింటి నుంచి శ్రుతి చూడడానికి క్లాసులోనే ఉంటాను. గొంతు మారే వయసులో ఉన్న మగపిల్లల్ని తప్పకుండా తీసుకురండి, ఆరు నెలల కిందటి శ్రుతి ఇప్పుడు సరిపోకపోవచ్చు. 300 ఇబ్బందైతే నాతో ఒక్క మాట చెప్పండి, పాత రుసుమే తీసుకుంటాను.