అచ్చుల ధర పెంచుతున్నాం, కొందరికైతే కొనొద్దనే చెబుతాను

నమస్కారమండీ. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా సిలికాన్ అచ్చుల ధరలు మారుతున్నాయి. అరచేతిలో ఇమిడే బొమ్మ అచ్చు ఇన్నాళ్లూ 380 రూపాయలకిచ్చాం. ఇకమీద అది రెండు రకాల్లో దొరుకుతుంది. మైనానికీ పీఓపీకీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) వాడే రకం 420, రెసిన్‌కి (పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) వాడే రకం 650. కొవ్వొత్తులు, గోడ బొమ్మలు, తాళంచెవుల బిళ్లలు, ఇలా మేమే పోసి అమ్మే సరుకు మాత్రం పాత ధరకే.

650 అనగానే "అంత రేటా అక్కా, ఆన్‌లైన్‌లో నూటయాభైకే ఇస్తున్నారుగా" అని అప్పుడే కొందరు అడిగారు. నిజమే, ఇస్తున్నారు. గులాబీలు, టెడ్డీబేర్లు, బుడగల క్యూబులు ఫ్యాక్టరీల్లో వేలల్లో దిగుతాయి. అవి కావాలంటే అక్కడే కొనుక్కోండి, వాటితో నేను పోటీ పడలేను. మా దగ్గర ఉండేవి మేం చెక్కిన బొమ్మలకి మేం పోసిన అచ్చులు. ఆ 650లో ఏముందో లెక్క చెబుతాను, మీరే చూడండి.

బొమ్మ చుట్టూ కట్టే డబ్బా లోపలి కొలత 8 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, 5 ఎత్తు అనుకుందాం. అంటే 320 మిల్లీలీటర్లు. బొమ్మ ఒక వంద ఆక్రమిస్తే మిగతా 220 సిలికాన్‌తో నిండాలి. సిలికాన్ నీళ్లకన్నా కాస్త బరువు, మిల్లీలీటరుకు 1.1 గ్రాము చొప్పున 242 గ్రాములు పడుతుంది. రెసిన్ రకం అచ్చుకి నేను కొనే ప్లాటినం సిలికాన్ కిలో 1,500 పైమాటే. ఒక్క అచ్చుకి సిలికానే 360 రూపాయలు దాటిపోయింది. కప్పుకి అంటుకుని పోయేది, బుడగ పడిందని పక్కన పడేసేది, గ్లౌజులు, డబ్బా పలకలు, ఏసీ కరెంటు, అన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది. చివరికి మిగిలేది నూటయాభైకి లోపే. ఇందులోనే నా కూలీ కూడా.

ఇక రెండు రకాలెందుకన్నది. చేతిపనులకి వాడే సిలికాన్‌లో టిన్ రకం, ప్లాటినం రకం అని రెండున్నాయి. టిన్ రకంలో బరువుకి 2 నుంచి 5 శాతం దాకా క్యాటలిస్ట్, అంటే గట్టిపరిచే ద్రవం, కలుపుతారు. అది గట్టిపడాలంటే గాలిలో తేమ ఉండాలి. గట్టిపడేటప్పుడు దాంట్లోంచి కొద్దిగా ఆల్కహాల్ ఆవిరైపోతుంది, అందువల్ల అచ్చు రాన్రానూ పిసరంత కుంచించుకుపోతుంది. కొన్నేళ్లకి పెళుసెక్కి చిరుగుతుంది, మీరు వాడినా సరే, బీరువాలో దాచినా సరే. చవక కాబట్టి కొవ్వొత్తులకీ పీఓపీకీ అది చాలు. ప్లాటినం రకంలో రెండు భాగాలూ సమంగానో, 10కి 1 చొప్పునో కలుపుతారు. కుంచించుకోవడం దాదాపు ఉండదు, 0.1 శాతం లోపే. జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

కుంకుమ భరిణె అచ్చు తీసుకున్నవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒంటికీ మూతకీ వెంట్రుకవాసి తేడా వచ్చినా మూత పట్టదు. అందుకని మూతలున్నవీ, ఒకదాన్లో ఒకటి కూర్చునేవీ ఇకమీద ప్లాటినంలోనే పోస్తాం. టిన్ అచ్చుల వెనక తయారైన నెల కూడా వేస్తున్నాం. పాత సరుకు అంటగట్టారన్న అనుమానం ఎవరికీ ఉండకూడదు.

ఇప్పుడు కొనొద్దన్న మాట దగ్గరికొస్తాను. పాప పుట్టినరోజుకో గృహప్రవేశానికో రిటర్న్ గిఫ్టుగా ఒకే బొమ్మ ముప్పై నలభై పోసుకుని ఆపేసేవాళ్లు నా చేత ప్రత్యేకంగా అచ్చు చేయించుకోవడం డబ్బు దండగ. టిన్ సిలికాన్ ఒక కిలో తెచ్చుకుని ఇంట్లోనే పోసుకోవచ్చు. బ్రహ్మవిద్యేం కాదు. వర్క్‌షాప్ ఫీజు కట్టి నేర్చుకోవాల్సినంత కథా లేదు. నా వర్క్‌షాప్‌కి వచ్చినవాళ్లు ఈ ముక్క చదివి తిట్టుకోకండి.

ముందు బొమ్మ సంగతి. సిలికాన్ దేన్నీ దాచదు. బొమ్మ మీద వేలిముద్ర ఉంటే అచ్చులోకీ వస్తుంది, అక్కణ్ణుంచి పోసిన ప్రతి బొమ్మ మీదకీ వస్తుంది. రెసిన్ బిళ్ల అద్దంలా మెరవాలంటే మెరవాల్సింది బొమ్మ ఉపరితలమే, రెసిన్‌కి ఎంత ఖరీదు పెట్టినా లాభం లేదు. చెక్క, మట్టి, పీఓపీ లాంటి పీల్చుకునే వస్తువైతే లక్క పాలిషో వార్నిషో రెండు పూతలు వేసి బాగా ఆరనిచ్చి, పైన వాసెలిన్ పల్చగా రాసి తుడవండి.

బొమ్మని పలక మీద జిగురుతో అంటించండి. అడుగున సందుంటే సిలికాన్ కిందికి పాకి బొమ్మ పైకి తేలుతుంది. చుట్టూ సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ పలక) ముక్కలతో డబ్బా కట్టి, మూలలన్నీ గ్లూ గన్‌తో మూసేయండి. గుండ్రటి బొమ్మకి పీవీసీ పైపు ముక్క చాలు. బొమ్మకీ గోడకీ మధ్య సెంటీమీటరు ఖాళీ, బొమ్మ పైన కూడా అంతే. సిలికాన్ ఎంత కావాలో తెలియాలంటే డబ్బాలో బొమ్మ మునిగేదాకా బియ్యం పోసి, ఆ బియ్యాన్ని కొలత కప్పులోకి ఒంపండి. ఎన్ని మిల్లీలీటర్లు వస్తే దాన్ని 1.1తో హెచ్చించండి, అన్ని గ్రాములు కలుపుకోవాలి. ఆ తర్వాత ఒక్క బియ్యపు గింజ కూడా డబ్బాలో మిగలకుండా బ్రష్‌తో దులపండి.

క్యాటలిస్ట్ దగ్గర మాత్రం కంటి కొలత పనికిరాదు. గ్రాములు చూపించే చిన్న డిజిటల్ కాటా ఉండాల్సిందే. కలిపేటప్పుడు కప్పు అంచులూ అడుగూ గీకుతూ మూడు నిమిషాలు నిదానంగా తిప్పండి. తర్వాత ఇంకో కప్పులోకి ఒంపి మళ్లీ తిప్పండి. మొదటి కప్పు గోడకి అంటుకుని కలవకుండా ఉండిపోయిన సిలికానే చాలామంది అచ్చుల్లో జిగటగా మిగిలేది. కలిపింది ముందు బ్రష్‌తో బొమ్మ మీద పల్చగా పూసి, మిగతాది డబ్బా ఒక మూల నుంచి, ఓ అడుగు ఎత్తు నుంచి, దారంలా సన్నగా జారనివ్వండి. ఆ సన్నటి ధారలోనే బుడగలు చాలావరకు చిట్లిపోతాయి. సిలికాన్ దానంతటదే ఆ మూల నుంచి పాకి బొమ్మని కప్పుతుంది. బొమ్మ నెత్తి మీద దబ్బున కుమ్మరిస్తే ముక్కు కిందా గడ్డం కిందా గాలి చిక్కుకుంటుంది. వ్యాక్యూమ్ పంపు మాలాంటివాళ్లకి అవసరం కానీ, ఒక్క అచ్చు కోసం కొనకండి.

టిన్ అచ్చు గట్టిపడగానే వాడేయొద్దు. బొమ్మ తీసేసి ఒక రోజంతా గాలికి వదలండి, ఆ ఆల్కహాల్ పూర్తిగా పోవాలి.

రెండు ముక్కల అచ్చు పోసేవాళ్లు ఒక్కటి మర్చిపోకండి. సిలికాన్‌కి దాదాపు ఏదీ అతుక్కోదు, ఇంకో సిలికాన్ తప్ప. మొదటి సగం మీద వాసెలిన్ రాయకుండా రెండో సగం పోస్తే రెండూ కలిసిపోతాయి. ఇక కత్తి తీసుకోవాల్సిందే.

గవ్వలు, బొత్తాల లాంటి బుల్లి వస్తువులకైతే కిలో సిలికాన్ కూడా అక్కర్లేదు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే సిలికాన్ సీలెంట్ ట్యూబులో కార్న్‌ఫ్లోర్ కలిపి ముద్ద చేసి, దాంట్లో గవ్వ అదిమితే కాసేపటికే బిగుసుకుంటుంది. వెనిగర్ వాసన గుప్పుమంటుంది, కిటికీలు తెరవండి, చేతులకి గ్లౌజులు వేసుకోండి. నున్నగా రాదు, పనికొస్తుంది.

ప్లాటినం రకం ఇంట్లో ప్రయత్నించేవాళ్లకి ఒక హెచ్చరిక. అది మహా పెంకిది. గంధకం తగిలితే గట్టిపడదు. బొమ్మలు చేసే కొన్ని నూనె బంకమట్టుల్లో గంధకం ఉంటుంది, లేటెక్స్ గ్లౌజులు వేసుకుని పట్టుకున్నా చాలు. టిన్ సిలికాన్ కలిపిన కప్పు తగిలినా అంతే. రెసిన్ ప్రింటర్‌లో తీసిన త్రీడీ బొమ్మల మీదా తరచూ మొరాయిస్తుంది. మొన్న ఒకావిడ పంపిన ఫొటోలో అచ్చు బయటంతా చక్కగా ఉంది, బొమ్మని ఆనుకున్న పొర మాత్రం బెల్లప్పాకంలా సాగుతోంది. మట్టి ప్యాకెట్ మీద గంధకం లేదని రాసుందా అని అడిగితే ప్యాకెట్టే లేదన్నారు, పిల్లాడి స్కూలు పెట్టెలో దొరికిన మట్టట. ముందు బొమ్మ అడుగున ఒక చుక్క వేసి చూసుకుని ఆ తర్వాతే పోయండి.

చెన్నై ఎండల సంగతి కూడా చెప్పాలి. కత్తిరి ఎండల్లో, అంటే మే నెల మండుటెండల్లో, సిలికాన్ చేతిలోనే బిగుసుకుపోతుంది. డబ్బా మీద అరగంట టైముంటుందని రాసుంటే దాన్ని నమ్ముకోకండి, ఆ లెక్క మన మే నెల వంటింటికి వేసింది కాదు. తెల్లవారుజామున పోసుకోండి, లేదా సీసాలు ముందురోజు రాత్రే ఏసీ గదిలో పెట్టుకోండి. తమిళ నెలలు ఐప్పసి, కార్తీక (అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా) వానల్లో కథ తిరగబడుతుంది. టిన్ సిలికాన్‌కి తేమ హాయే, ఎపాక్సీ రెసిన్‌కే పడదు, పైన జిడ్డు పొర కడుతుంది. నవంబరులో "మీ అచ్చు జిగురొదులుతోంది" అని మాకొచ్చే ఫిర్యాదుల్లో సగం ఇవే. తేల్చుకోవడం తేలిక. అదే అచ్చులో కాస్త పీఓపీ పోయండి. శుభ్రంగా ఊడివస్తే అచ్చులో దోషం లేనట్టే. రాకపోతే నాకు పంపండి, మార్చి ఇస్తాను.

రెసిన్ అచ్చు ఎన్ని పోతలకి వస్తుందని రాసివ్వమంటున్నారు. ఇవ్వలేను. ఎపాక్సీ ప్రతిసారీ సిలికాన్‌లోని నూనెని కొంచెం లాగేస్తుంది. ముందు మెరుపు పోతుంది, తర్వాత పట్టుకోవడం మొదలవుతుంది, ఒకరోజు చిరుగుతుంది. మందంగా పోస్తే రెసిన్ వేడెక్కి ఆ రోజు ఇంకా ముందే వస్తుంది. ప్లాటినం అయినా దీనికి అతీతం కాదు. మైనం, పీఓపీ పోసేవాళ్లకి ఈ బెంగ లేదు, వాళ్ల అచ్చులు ఇంకా చాలా పోతలకి వస్తాయి.

సంక్రాంతికి పంచదార చిలకలు పోసుకోవడానికి, చాక్లెట్లకి అచ్చులు అడుగుతున్నారు. మా అచ్చుల్లో తినే వస్తువులు పోయొద్దు, ప్లాటినంలోనూ వద్దు. సిలికాన్ డబ్బా మీద ఫుడ్ గ్రేడ్ అని ఉన్నా, అదే బల్ల మీద రెసిన్ కూడా పోసే చోట తయారైన అచ్చుని నేను తిండికి ఇవ్వను.

వినాయక చవితికి మట్టి వినాయకుడి అచ్చు కావాలన్నవాళ్లకి సిలికాన్ సరిపోదు. అది నీళ్లు పీల్చదు కాబట్టి మట్టి లోపలే తడిగా కూర్చుని, తీస్తే చెవులూ తొండమూ అచ్చులోనే ఉండిపోతాయి. మట్టికి పీఓపీ అచ్చే మంచిది, తడి తానే లాగి బొమ్మని వదిలేస్తుంది. 250 రూపాయలకి చేసిస్తాం. పీఓపీతోనే పోసిన వినాయకుడు మాత్రం మా దగ్గర దొరకడు. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సవరించిన నిమజ్జనం మార్గదర్శకాలు అలాంటి విగ్రహాలు వద్దనే చెబుతున్నాయి.

దసరా బొమ్మల కొలువు దగ్గర పడేకొద్దీ వచ్చే కోరిక ఇంకోటుంది. అమ్మమ్మ పెట్టెలోని మరపాచి జంటనో (కొలువులో పెట్టే చెక్క రాజారాణి బొమ్మలు), పాత కాగితపు గుజ్జు బొమ్మనో తెచ్చి, అచ్చు తీసి అక్కచెల్లెళ్లందరికీ తలా ఒకటి పోసిమ్మంటారు. ఈ పని నాకిష్టం, భయం కూడా. పాత రంగులకి సిలికాన్ పట్టుకుంటే పొరతో సహా ఊడివస్తుంది. పూత లేని చెక్కలోకి సిలికాన్ నూనె ఇంకి మచ్చ పడితే మళ్లీ పోదు. పగుళ్లలోకి దిగిందంటే తీసేటప్పుడు చెక్కే పెళ్లలు ఊడొచ్చు. ముందు వార్నిష్ వేద్దామంటే ఎన్నేళ్లుగానో చేతులు తగిలి వచ్చిన ఆ నునుపు మారిపోతుంది. అందుకని రంగులు పెచ్చులూడుతున్న బొమ్మలు ఇకమీద తీసుకోను, ఎంత బతిమాలినా సరే. మిగతావి మీ ఎదుటే చూసి, ఏం జరగొచ్చో చెప్పి, ఇంట్లో పెద్దవాళ్లు సరేనంటేనే తీసుకుంటాను. బొమ్మ పాడైనా ఫరవాలేదన్న మాట మీ నోట వినాలి. మైలాపూరు మాడ వీధిలో కొన్న కొత్త బొమ్మ తెచ్చి, దాన్నే పది పోసివ్వమంటే మాత్రం కుదరదు. అది ఇంకొకరి కష్టం, వాళ్ల దగ్గరే ఇంకో తొమ్మిది కొనండి.

కొలువు ఆర్డర్లు వినాయక చవితికల్లా ఆపేస్తాం. ప్రత్యేకంగా చేయించుకునే అచ్చుకి సగం డబ్బు ముందే ఇవ్వాలి. ఈ నెలాఖరు లోపల బుక్ చేసినవాళ్లకి పాత 380 ధరే వర్తిస్తుంది, కాకపోతే అది టిన్ రకానికే. ఇప్పటికే అడ్వాన్సు కట్టి రెసిన్ కోసం ఎదురు చూస్తున్నవాళ్లు ప్లాటినం కావాలంటే ధరలో తేడా 270 కట్టండి, వద్దంటే మీ డబ్బు వెనక్కిచ్చేస్తాను.